మూడు కిలోమీటర్లు

శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా
రాళ్ళకి రంగేసిన చెయ్యి నాది.
తలకి పసుపు, ఒంటికి తెలుపు,
ఆఖర్న నల్లంకె.
ఇరవయ్యేళ్ళుగా ఈ రోడ్డుని
వంగుని వంగుని చదివేను.
ఎచ్చెర్ల దగ్గర రాయి కాస్త ఎడమకి ఒరిగుంటాది.
చిలకపాలెం దాటేక ఒకదానికి
మేకలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని
ఆరు కాస్తా సున్నా అయిపోతాది.
ఎంత దూరమని నన్నడక్కండి,
నా నడుముని అడగండి.

మా అయ్యది చుట్టల లెక్క.
సంత మూడు చుట్టల దూరం,
విజయనగరం ఒక కట్ట.
అమ్మ అడ్డచుట్ట కాల్చేది,
నిప్పు నోట్లోపల, నెమ్మదిగా.
అదే దారి, అదే బండి,
ఆవిడకి ఎప్పుడూ ఒకటి తక్కువే పట్టేది.

మొన్న ఇంజినీరు బాబొచ్చేడు.
పొద్దున్న హైదరాబాదులో ఇడ్లీ తిన్నాడట.
గాల్లో గంటా పావు,
దిగినకాణ్ణుంచి మా దగ్గరికి రెండున్నర గంటలు.
నాతవలస టోలుగేటు దగ్గర తిట్టుకున్నాడట,
పైడిభీమవరం లారీల వెనక మళ్ళీ తిట్టుకున్నాడట.
నీళ్ళు తాగి, సెల్లు తిప్పి చూపించేడు.
"ఊరికీ ఊరికీ రోడ్డు మీద డెబ్బయ్యి,
గాల్లో యాభయ్యయిదే."
కాకి ఎగిరిన లెక్కట.
మా గురువులు ఊరుకోడు కదా,
"గాల్లో రాళ్ళెవులు పాతేరు బాబూ?"

నవ్వేడు. నవ్వి లిస్టు చేతిలో పెట్టేడు.
వంపు తప్పించి తిన్నగా రోడ్డేసేరు,
ఇక్కణ్ణుంచి ప్రతి రాయి మీదా
మూడు తగ్గించి రాయాలి.

నలభయ్యయిదు చెరిపి నలభయ్యిరెండు.
నలభయ్యారు చెరిపి నలభయ్యిమూడు.
రాయడం ఎంతసేపు.
పాత అంకె మాత్రం రెండు కోట్లకీ చావదు,
ఎండ ఏటవాలుగా పడితే
తుడిచిన పలక మీద అక్షరంలాగ
కింద నుంచి చూస్తాది.

అన్నం మూట విప్పేక గురువులు అడిగేడు,
"ఆ మూడూ ఎటెలిపోనాయి మావా?"

సాయంత్రం సైకిలెక్కించి తీసుకెళ్ళేను.
అక్కడే ఉన్నాయి.
తారు బీటల్లోంచి గడ్డి.
చింతల మొదళ్ళకి నేను కొట్టిన తెల్లపట్టీలు,
చీకటి పడ్డాక
లైట్లు వేసుకుని వచ్చేదెవరని.
నడిరోడ్డు మీద ఎవరివో ఉలవలు.
ఒకప్పుడు పరిచి పక్కన కూర్చుంటే
లారీలే నూర్చిపెట్టి పోయేవి,
ఇప్పుడు కర్ర తెచ్చుకోవాలి.

తవిటమ్మ టీకొట్టు తెరిచే ఉంది.
నైటు బస్సు డ్రైవర్లకి
ఆవిడ గ్లాసు చప్పుడు చాలేది మెలకువకి.
ఇవాళ గిన్నెలో రెండు గ్లాసులకి సరిపడా పాలు,
అవీ మమ్మల్ని చూసి పోసినవే.
"పది నిమసాలు కలిసొచ్చినాయట జనాలకి," అంది.
"అవి నా కాడే కూసున్నాయి, సూడు.
లెగమంటే లెగవు."

కొట్టు పక్కన పాత రాయి.
నలభయ్యిరెండు.
అంటే ఇప్పుడు నలభయ్యిరెండులు రెండు,
ఒకటి లిస్టులో ఉంది,
ఒకటి ఇక్కడుంది.
"దీనికీ ఒక పూతెయ్యి, మిగిలిన రంగుంటే."
తెలుపేసేను. తలకి పసుపేసేను.
కుంచె నల్లరంగులో ముంచి
అలాగే ఉండిపోయేను.
దీని మీంచి ఇంక ఎవరూ విజయనగరం పోరు.
ఎక్కణ్ణుంచి కొలవను, ఎక్కడికని రాయను?
గ్లాసులు కడుక్కుంటానే అంది,
"అంకెలొద్దులే. ఆరనీ."

పైన విమానం ఒకటి విశాఖ వైపు దిగుతోంది.
అంతెత్తు నుంచి ఈ వంపూ ఆ కొత్త రోడ్డూ
విల్లూ నారీ లాగుంటాయని
ఇంజినీరు బాబు చెప్పేడు.
గురువులు మెడ వెనక్కి వాల్చి లెక్కపెట్టేడు,
చింతకొమ్మ దగ్గర ఒకటి,
కొండ వెనక్కి పోయేసరికి నూటపది.
నా గ్లాసులో టీ ఇంకా కాలుతూనే ఉంది.

ఎవరిదో మేక వచ్చి
తడి రాయికి ఒళ్ళు రుద్దుకుని
పసుపు భుజంతో
కొత్త రోడ్డు వైపు నడిచెళ్ళింది.